హెడ్‌లైట్ వెలుగుతున్నా బండి ఎందుకు కనపడదు? రాత్రి ప్రయాణంలో కన్ను, వెలుగు, దూరం లెక్కలు

"చూసుకోలేదు సార్." రాత్రిపూట మోటార్ సైకిల్‌ను గుద్దిన కారు డ్రైవరో, లారీ డ్రైవరో మొదట చెప్పే మాట ఇదే. వినేవాళ్లకు అది సాకులా అనిపిస్తుంది. కొన్నిసార్లు సాకే. కానీ చాలాసార్లు ఆ మాట నిజమే కావచ్చు. అందుకు మన కంటిలో, వెలుగులో, ఒంటి దీపంలో స్పష్టమైన కారణాలున్నాయి.

కేంద్ర రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో మన దేశ రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. అందులో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లే. ప్రమాదాలు ఎక్కువగా జరిగింది అర్ధరాత్రి కాదు, సాయంత్రం 6 నుంచి 9 మధ్య. ఆ వేళ రద్దీ కూడా ఎక్కువే కాబట్టి తప్పంతా చీకటి మీదికి నెట్టలేం. అయితే పొద్దుగుంకడం, రద్దీ, పని ముగించుకుని ఇంటికెళ్లేవాళ్ల అలసట మూడూ కలిసే వేళ అదే.

బండి నడిపేవాళ్ల దగ్గర దీనికి రకరకాల విరుగుడులున్నాయి. ఒకరు తెల్లటి ఎల్‌ఈడీ బిగించుకుంటారు, ఒకరు రేడియం స్టిక్కర్లు అంటిస్తారు, ఇంకొకరు తెల్ల చొక్కా చాలంటారు. వీటిలో ఏది దేనికి పనికొస్తుందో విడదీసి చూడకపోతే, ఒక సమస్యకు మందు వేసి ఇంకో సమస్య తీరిందనుకునే ప్రమాదం ఉంది.

చూడటం, కనపడటం, అర్థమవడం

హెడ్‌లైట్ ముఖ్యంగా మనం రోడ్డును చూడటానికి. ఎదురుగా వచ్చేవాళ్లకు మనం కనపడటానికి కూడా అది పనికొస్తుంది. అక్కడితో దాని పని సరి. వెనక నుంచి వచ్చే బస్సుకు మన హెడ్‌లైట్ ఎంత గొప్పదో తెలియదు. దానికి కనిపించేది వెనక దీపం ఒక్కటే. చాలా పాత బండ్లకు అది 5 వాట్ల బల్బు, దాని అద్దం మీద దుమ్మో బురదో. పక్కదారి నుంచి వచ్చేవాళ్లకు అదీ సరిగ్గా కనపడదు. నల్ల జాకెట్టు, నల్ల హెల్మెట్టు, నల్ల ట్యాంకు ఉన్న బండి చీకట్లో పక్క నుంచి దాదాపు లేనట్టే.

అంటే సమస్య రెండు ముక్కలు: మనం చూడటం, మనం కనపడటం. మూడో ముక్క గురించి మాట్లాడుకునేవాళ్లు తక్కువ. కనపడ్డాక కూడా మనం ఎంత దూరంలో ఉన్నామో, ఎంత వేగంగా వస్తున్నామో ఎదుటివాళ్లకు సరిగ్గా తెలియాలి.

ఒక ఊరి క్రాస్ రోడ్డు దగ్గర ట్రాక్టర్ హైవే దాటడానికి ఆగి ఉందనుకుందాం. అటు నుంచి గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వాహనం వస్తోంది, 150 మీటర్ల దూరంలో ఉంది. ట్రాక్టర్ దగ్గరికి చేరడానికి దానికి పట్టేది 9 సెకన్లు. వస్తున్నది కారైతే రెండు దీపాల మధ్య ఎడం క్షణక్షణానికి పెరుగుతున్నట్టు కనిపిస్తుంది. ట్రాక్టర్ డ్రైవర్ కన్ను ఆ ఎడాన్ని బట్టే వేగం అంచనా వేస్తుంది. వస్తున్నది బండి అయితే ఉన్నది ఒకే చుక్క. అది కాస్త కాంతివంతం అవుతుందే తప్ప వెడల్పు కాదు. "ఇంకా దూరంలోనే ఉంది" అనుకుని ట్రాక్టర్ ట్రక్కుతో సహా రోడ్డెక్కేస్తుంది.

లండన్ విశ్వవిద్యాలయానికి చెందిన రాయల్ హాలోవే పరిశోధకులు 2012లో దీన్నే పరీక్షించారు. వెలుతురు తగ్గేకొద్దీ ఒంటి దీపం బండి వేగాన్ని జనం సరిగ్గా అంచనా వేయలేకపోయారు. ప్రధాన దీపానికి తోడు మరో రెండు చిన్న దీపాలను త్రికోణంలా అమర్చినప్పుడు అంచనా మెరుగుపడింది. కొత్త బండ్లలో ఇండికేటర్ల దగ్గర సన్నగా వెలిగే పొజిషన్ ల్యాంపులు చాలామందికి అలంకారంలా కనిపిస్తాయి గానీ, బండికి కాస్త వెడల్పు తెచ్చిపెట్టే పని వాటిదే.

ఇదే పొరపాటు మన వైపు నుంచీ జరుగుతుంది. ఎదురుగా ఒంటి దీపం కనిపిస్తే బండే అనుకుంటాం. అది కుడి దీపం ఆరిపోయిన లారీ కావచ్చు. మన దేశంలో ఎడమ వైపు నడుపుతాం కాబట్టి ఎదుటి లారీ కుడి భాగం రోడ్డు మధ్య గీతకు, అంటే మనకు దగ్గరగా ఉంటుంది. వెలుగుతున్న ఎడమ దీపాన్ని చూసి "బండి అంచున వెళ్తోంది, చోటుంది" అనుకున్న చోటులో లారీ ఒళ్లంతా ఉంటుంది.

కంటికి చీకటి అలవాటు కావడానికి ఎంతసేపు?

మన కంటి వెనక పొరలో రెండు రకాల కణాలున్నాయి. కోన్ కణాలు పగటి వెలుగులో రంగులను, సన్నటి వివరాలను పట్టుకుంటాయి. రాడ్ కణాలు మసక వెలుతురులో పనిచేస్తాయి, కానీ రంగులు చెప్పలేవు. రాడ్ కణాలు పూర్తిగా తేరుకోవడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. దీపాల వెలుగులో మునిగిన ధాబాలో టీ తాగి చీకటి రోడ్డెక్కిన మొదటి కొన్ని నిమిషాల్లో మన చూపు మనం అనుకున్నంత బాగా ఉండదు. రాడ్ కణాలు ఎరుపును దాదాపు పట్టించుకోవు కూడా. పగలు కొట్టొచ్చినట్టు కనిపించే ఎర్ర జాకెట్టు రాత్రి నలుపులో కలిసిపోవడానికి కారణం అదే.

రోడ్డు మీద అసలు ఇబ్బంది పూర్తి చీకటితో కాదు, చీకటి వెలుగులు మారిమారి రావడంతో. ఎదుటి కారు హై బీమ్ కళ్లలో పడ్డాక చూపు తేరుకోవడానికి రెండు సెకన్లు పట్టిందనుకుందాం. 60 వేగంలో ఆ రెండు సెకన్లలో బండి 33 మీటర్లు వెళ్లిపోతుంది. ఎదుటివాళ్లకూ మన హై బీమ్ తగిలి ఉంటే, వాళ్లూ అదే వేగంలో ఉంటే, రెండు వాహనాలూ సరైన చూపు లేకుండా 66 మీటర్లు దగ్గరవుతాయి.

వయసు ప్రభావం చాలామంది ఊహించేదాని కంటే ఎక్కువ. అరవై ఏళ్ల వ్యక్తి కంటి లోపలి పొరకు చేరే వెలుగు, ఇరవై ఏళ్లప్పటితో పోలిస్తే మూడో వంతే. కంటిపాప చిన్నదవుతుంది, లోపలి కటకం పసుపు బారుతుంది. "నాన్న రాత్రి బండి తీయడానికి జంకుతున్నాడు" అంటే అది పిరికితనం కాదు. ఆయన ముందున్న రోడ్డు నిజంగానే చీకటిగా ఉంది. ఇక నల్లటి వైజర్ ఉన్న హెల్మెట్టుతో రాత్రి నడపడమంటే అదే స్థితిని ఇరవై ఏళ్ల కుర్రాడు కోరి తెచ్చుకోవడం.

లో బీమ్ చూపే దూరం, బండి ఆగే దూరం

రాత్రి వేగం గురించిన వాదనలన్నీ తేలేది ఈ లెక్క దగ్గరే. ప్రమాదం గమనించి బ్రేక్ మీద కాలు పడేలోపు ఒకటిన్నర సెకను పోతుందనుకుందాం. పొడి రోడ్డు, మామూలు రైడర్, మామూలు బ్రేకులు. వేగం సెకనుకు 5 మీటర్ల చొప్పున తగ్గుతూ పోతుందనుకుందాం.

గంటకు 40 కిలోమీటర్ల వేగంలో బ్రేక్ పడేలోపే 17 మీటర్లు, ఆగేలోపు మరో 12, మొత్తం 29 మీటర్లు. 60లో 25, 28 కలిపి 53. 80లో 33, 50 కలిపి 83 మీటర్లు. వాన పడి రోడ్డు తడిగా ఉండి పట్టు సెకనుకు 3 మీటర్లకు పడిపోతే, 60లోనే 71 మీటర్లు కావాలి.

ఇక రెండో వైపు. మామూలు హాలోజన్ లో బీమ్‌లో నల్లటి వస్తువు ఏ 30, 40 మీటర్ల దగ్గరో కంటికి ఆనుతుంది. తెల్ల బట్టలు కట్టుకున్న మనిషి ఇంకాస్త ముందే కనిపిస్తాడు. అంటే 40 వేగంలో చూసి ఆగగలిగిన బండి, 60 వేగంలో చూసి కూడా ఆగలేదు. బ్రేకులు బాగున్నా, రైడర్ నేర్పరి అయినా, బ్రేక్ వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉన్నా ఈ లెక్క పెద్దగా మారదు. బ్రేక్ మీద కాలు పడేలోపు పోయిన 25 మీటర్లను ఏ యంత్రమూ వెనక్కి తేలేదు.

మన రోడ్ల మీద నల్లటి వస్తువులకు కొదవ లేదు. తోలుకెళ్లేవాళ్లు లేకుండా ఇంటికొచ్చే బర్రెలు, వెనక దీపం లేని ట్రాక్టర్ ట్రక్కు, టైరు పంక్చరై అంచున ఆగిపోయిన లారీ, రంగు వెలిసిపోయిన స్పీడ్ బ్రేకర్. కోతల కాలంలో రోడ్డు మీద ఆరబోసిన వడ్ల రాశి, దాని మీద కప్పిన టార్పాలిన్, ఎవరూ ఎక్కించకుండా చుట్టూ పేర్చిన రాళ్లు. రైతుకు కల్లం లేక, ఆరబెట్టే చోటు లేక వడ్లు రోడ్డెక్కుతున్నాయి. ఆ ఇబ్బంది నిజమైనదే. కానీ ఆ రాళ్లు రాత్రి 30 మీటర్ల దగ్గరికి వచ్చేదాకా కనపడవు అన్నదీ అంతే నిజం.

హై బీమ్ వేసుకుని తిరిగేవాళ్ల వాదనలో న్యాయం ఉన్నది ఇక్కడే. సింగిల్ రోడ్డు మీద లో బీమ్‌తో 60లో వెళ్తే గుంత కనిపించేలోపే అందులో పడతామని వాళ్లంటారు. లెక్క ప్రకారం అది సరైన మాటే. ఖాళీ రోడ్డు మీద హై బీమ్ ఎవరినీ ఇబ్బంది పెట్టదు. ఎదురుగా మనిషి ఉన్నప్పుడు కూడా డిప్పర్ కొట్టకపోవడమే గొడవ. హైవే డివైడర్ల మీద గుబురుగా పెంచే గన్నేరు లాంటి మొక్కలు అందం కోసమే కాదు, అవతలి వైపు హై బీమ్‌కు అడ్డుగోడగా కూడా. మొక్కలు ఎండిపోయిన చోట ఆ తేడా వెంటనే తెలుస్తుంది.

రేడియం స్టిక్కరు వేరు, నిమ్మపండు రంగు జాకెట్టు వేరు

ఎక్కువ గందరగోళం ఈ రెండింటి మధ్యే ఉంది. రోడ్డు పనివాళ్లు వేసుకునే కొట్టొచ్చే ఆకుపచ్చ పసుపు, నారింజ రంగులు ఫ్లోరోసెంట్ రంగులు. ఎండలోని అతినీలలోహిత కిరణాలను పీల్చుకుని కంటికి కనిపించే వెలుగుగా మార్చడం వాటి గుణం. అందుకే పగలు, మరీ ముఖ్యంగా తెల్లవారుజామున, సంధ్యవేళ అవి మండుతున్నట్టు కనిపిస్తాయి. పొద్దు గూకాక ఆ కిరణాలు ఉండవు. వీధి దీపాల్లోనూ దాదాపు ఉండవు. రాత్రి ఆ జాకెట్టు మామూలు లేత రంగు చొక్కాతో సమానం.

మనం రేడియం అని పిలిచే స్టిక్కర్లు, టేపులు రాత్రికి పనికొచ్చేవి. వాటంతట అవి వెలగవు. వాటిలో సన్నటి గాజు పూసలో, చిన్న పట్టకాలో ఉంటాయి. మామూలు అద్దం మీద ఏటవాలుగా పడిన వెలుగు, గోడకు కొట్టిన బంతిలా అటు పక్కకు పోతుంది. ఈ టేపు మాత్రం వెలుగును వచ్చిన దారినే వెనక్కి పంపిస్తుంది. కారు హెడ్‌లైట్ నుంచి బయల్దేరిన వెలుగు మళ్లీ ఆ కారు వైపే, అంటే డ్రైవర్ కళ్ల దగ్గరికే చేరుతుంది. ఇంగ్లండ్‌లో పెర్సీ షా 1934లో పేటెంట్ తీసుకున్న క్యాట్ ఐ అనే రోడ్డు బిళ్ల, ఈనాడు హైవేల మధ్య మెరిసే బిళ్లలు, అన్నీ ఈ సూత్రం మీదే పనిచేస్తాయి. నల్ల బట్టలు 30, 40 మీటర్లలో కనిపించే చోట మంచి టేపు వంద మీటర్లు దాటి మెరుస్తుంది.

దీనికీ హద్దులున్నాయి. వెలుగు వచ్చిన దారినే వెళ్తుంది కాబట్టి ఆ వెలుగు పంపినవాళ్లకే అది కనిపిస్తుంది. పక్క సందులోంచి వచ్చే కారు దీపాలు ఇంకా మన మీద పడలేదంటే టేపు ఉన్నా లేనట్టే. అక్కడ మనల్ని కాపాడాల్సింది సొంత దీపమే. లారీ డ్రైవర్‌కూ మెరుపు తక్కువగా కనిపిస్తుంది. కారులో దీపానికీ డ్రైవర్ కంటికీ ఎత్తులో తేడా కొద్దిగానే ఉంటే, లారీలో డ్రైవర్ దీపాలకు చాలా పైన కూర్చుంటాడు. తిరిగొచ్చే వెలుగు ఎక్కువగా దీపం వైపే పోతుంది. బురద పట్టిన టేపు, చవకరకం ప్లాస్టిక్ మెరుపు కాగితం గురించి చెప్పక్కర్లేదు.

టేపు ఎక్కడ ఉండాలన్నది ఇంకో ప్రశ్న. స్వీడన్ మనస్తత్వ శాస్త్రవేత్త గున్నార్ యోహాన్సన్ 1973లో ఒక సంగతి చూపించారు. చీకట్లో మనిషి కీళ్ల దగ్గర మాత్రమే చిన్న దీపాలు పెట్టి నడిపిస్తే, చూసేవాళ్లు అది మనిషే అని క్షణంలో గుర్తుపడతారు. అందుకే నడిచేవాళ్లకు, సైకిల్ తొక్కేవాళ్లకు చీలమండల దగ్గర, మోకాళ్ల దగ్గర మెరిసే పట్టీలు బాగా పనికొస్తాయి. మోటార్ సైకిల్ మీద మన కాళ్లు కదలవు. కాబట్టి సైకిల్ వాళ్ల మీద తేలిన ఫలితాన్ని యథాతథంగా బండ్లకు అంటగట్టడం సరికాదని నా అభిప్రాయం. భుజాలు, వీపు, హెల్మెట్టు వెనక భాగం మెరిస్తే మనిషి ఆకారం తెలుస్తుంది. ఆ మేరకు లాభం.

ఇవన్నీ నిజంగా ప్రమాదాలు తగ్గిస్తాయా? న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో జరిగిన పెద్ద అధ్యయనం 2004లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. మెరిసే లేదా ఫ్లోరోసెంట్ బట్టలు వేసుకున్నవాళ్లకు గాయాలయ్యే ముప్పు 37 శాతం తక్కువ. నల్ల హెల్మెట్టుతో పోలిస్తే తెల్ల హెల్మెట్టుకు 24 శాతం తక్కువ. దీనికి గట్టి ప్రశ్నే ఎదురవుతుంది: మెరిసే జాకెట్టు వేసుకునే మనిషి మొదటి నుంచీ జాగ్రత్తపరుడేమో, తగ్గిన ముప్పులో జాకెట్టు వాటా ఎంత, మనిషి స్వభావం వాటా ఎంత? పరిశోధకులు వయసు, అనుభవం లాంటివాటిని లెక్కలోకి తీసుకున్నా స్వభావాన్ని పూర్తిగా విడదీయడం కష్టం. అందుకని 37 అన్న అంకెను హామీలా కాక దిశను చూపే సూచనగా తీసుకోవడం మేలు.

తెల్ల ఎల్‌ఈడీ బిగిస్తే ఏం జరుగుతుంది?

మన రోడ్ల మీద ఎక్కువగా తిరిగే 100 సీసీ బండ్లలో చాలావాటికి 35 వాట్ల హాలోజన్ హెడ్‌లైట్ ఉంటుంది. పల్లె రోడ్డుకు అది చాలదని అనిపించడం సహజం. యాక్సెసరీస్ షాపులో అదే హోల్డర్‌లో పట్టే ఎల్‌ఈడీ బల్బు దొరుకుతుంది. వెలుగు పెరుగుతుంది, రంగులు తేటగా కనిపిస్తాయి, బ్యాటరీ మీద భారం తగ్గుతుంది. అది కొనేవాళ్లు చెప్పే లాభాలు అబద్ధాలు కావు.

చిక్కు హెడ్‌లైట్ లోపలి గిన్నెతో వస్తుంది. ఆ గిన్నె వంపు హాలోజన్ ఫిలమెంట్ ఉండే చోటును బట్టి తయారైంది. ఎల్‌ఈడీలో వెలుగు పుట్టే చోటు, ఆకారం వేరు. దాంతో రోడ్డు మీద పడాల్సిన వెలుగులో కొంత పైకి, పక్కలకు చెదిరిపోతుంది. రైడర్‌కు ముందున్న కాస్త మేర తళతళలాడుతుంది కాబట్టి బాగుందనిపిస్తుంది. దూరం మాత్రం పెద్దగా పెరగదు, ఎదుటివాళ్లకు కళ్లు బైర్లు కమ్ముతాయి. కంపెనీ నుంచే ఎల్‌ఈడీ హెడ్‌లైట్‌తో వచ్చిన బండికి ఈ సమస్య ఉండదు, ఎందుకంటే దాని గిన్నె, అద్దం ఆ దీపానికే తయారయ్యాయి.

బల్బు మార్చకపోయినా లో బీమ్ హై బీమ్ అయ్యే దారి ఒకటుంది. భార్యాభర్తలు, మధ్యలో పిల్లవాడు, వెనక బియ్యం బస్తా. బరువుకు వెనక సస్పెన్షన్ ముందు కంటే 25 మిల్లీమీటర్లు ఎక్కువ కుంగిందనుకుందాం. రెండు చక్రాల మధ్య దూరం 1.25 మీటర్లు. అంటే బండి మీటరుకు 2 సెంటీమీటర్ల చొప్పున ముక్కు పైకెత్తింది. 50 మీటర్ల దూరంలో ఆ వెలుగు ఉండాల్సిన చోటు కంటే మీటరు పైకి పోతుంది, నేరుగా ఎదుటి కారు డ్రైవర్ కళ్లలోకి. పాపం ఆ రైడర్ స్విచ్ లో బీమ్‌లోనే ఉంది. ఎదుటివాళ్లు ఎందుకు తిడుతున్నారో అతనికి అర్థం కాదు. చాలా బండ్లకు హెడ్‌లైట్ కింద చిన్న స్క్రూ ఉంటుంది, మెకానిక్ దాన్ని తిప్పి వెలుగును దించగలడు. అది ఉందనే సంగతే చాలామందికి తెలియదు.

మోటారు వాహనాల నిబంధనలు కూడా వాట్ల గురించి కాకుండా కంటి గురించి మాట్లాడతాయి. దీపానికి 8 మీటర్ల దూరంలో, మీటరున్నర ఎత్తులో ఉన్న కంటికి మిరుమిట్లు గొలపనంతగా వెలుగు కిందికి వంగి ఉండాలని వాటిలో ఉంది.

సంక్రాంతి ముందు తెల్లవారుజామున హైదరాబాద్ నుంచి విజయవాడ దారి పట్టేవాళ్లను వేధించేది మంచు. పసుపు వెలుగు మంచును చీల్చుకుపోతుందని నమ్మకం. మంచు బిందువులు కాంతి అలల కంటే చాలా పెద్దవి, అన్ని రంగులనూ దాదాపు సమానంగానే చెదరగొడతాయి. పసుపులో నీలం పాలు తక్కువ కాబట్టి కంటికి హాయిగా ఉండటం వరకు నిజం. మంచులో అసలు తేడా తెచ్చేది దీపం ఎత్తు. కిందగా బిగించి, పైకి పోకుండా కత్తిరించిన వెలుగు కంటికీ రోడ్డుకీ మధ్య తెల్ల గోడ కట్టదు. హై బీమ్ వేస్తే ఆ గోడ మనమే కట్టుకున్నట్టు.

ఆరని హెడ్‌లైట్, వెలగని బ్రేక్ లైట్

2017 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో అమ్మే కొత్త ద్విచక్ర వాహనాలకు ఇంజిన్ స్టార్ట్ కాగానే హెడ్‌లైట్ దానంతటదే వెలుగుతుంది. "పగలు లైటెందుకు?" అని ఇప్పటికీ అడిగేవాళ్లున్నారు. మలేసియాలో 1992 నుంచే పగలు కూడా లైటు తప్పనిసరి. నిబంధనల ప్రకారం దీపాలు వేయాల్సింది సూర్యాస్తమయమైన అరగంట తర్వాత, లేదా వెలుతురు చాలనప్పుడు. మసక కమ్మే ఆ అరగంటను రైడర్ తీర్మానానికి వదలకపోవడమే ఈ ఏర్పాటులో పెద్ద లాభం. కార్లకూ పగటి దీపాలు వచ్చేశాక అన్ని దీపాల మధ్య బండి దీపం మళ్లీ కలిసిపోతోందన్న విమర్శలో కొంత నిజం ఉంది.

వెనక బ్రేక్ లైట్‌కు ఇలాంటి ఏర్పాటేమీ లేదు. గేర్లు దించుతూ, యాక్సిలరేటర్ వదిలేస్తూ వేగం తగ్గిస్తే బ్రేక్ లైట్ వెలగదు. పగలైతే వెనక వచ్చే డ్రైవర్ బండి దగ్గరవడం చూసి గ్రహిస్తాడు. రాత్రి అతనికి దొరికే సమాచారం ఆ ఎర్ర చుక్క ఒక్కటే. బ్రేక్ లివర్‌ను లైటు వెలిగేంత మాత్రం నొక్కే అలవాటున్న పాత రైడర్లు ఈ ఖాళీనే పూడుస్తున్నారు. అలాగే 2019 ఏప్రిల్ నుంచి కొత్త వాహనాలకు వస్తున్న హై సెక్యూరిటీ నంబర్ ప్లేటు కూడా వెలుగును వెనక్కి పంపే రకమే. దాన్ని వంచేసి సీటు కిందికి నెట్టడం, వెనక మడ్‌గార్డ్‌తో పాటు ఎర్ర రిఫ్లెక్టర్‌నూ పీకేయడం స్టైల్ పేరుతో జరుగుతోంది. బండితో ఉచితంగా వచ్చిన రెండు రక్షణలు అలా పోతున్నాయి.

రైడర్ ఒంటి మీది బట్టల గురించి చట్టం ఏమంటుంది?

మన చట్టం హెల్మెట్టు అడుగుతుంది, అది ఐఎస్ఐ గుర్తుతో ఉండాలంటుంది. మెరిసే జాకెట్టు ఊసెత్తదు. ఫ్రాన్స్‌లో హెల్మెట్టుకు మెరిసే స్టిక్కర్లు తప్పనిసరి. 2016 నుంచి మెరిసే జాకెట్టును వెంట ఉంచుకోవాలి, బండి ఆగిపోయి రోడ్డు మీద దిగాల్సి వస్తే వేసుకోవాలి. ఇక్కడా అలాంటిది తేవాలనేవాళ్లు ఖర్చు తక్కువ, లాభం ఎక్కువ అంటారు. వద్దనేవాళ్లు మే నెల ఉక్కపోతలో అదనపు పొర ఎవరు వేసుకుంటారని, ఇంకో చలానాకు దారి అవుతుందే తప్ప బర్రెలకూ దీపాల్లేని ట్రక్కులకూ ఎవరు బాధ్యులని అడుగుతారు. రెండో ప్రశ్నకు జవాబు లేకుండా మొదటి వాదన నెగ్గడం కష్టం. అయినా నాలుగు వేళ్ల వెడల్పు టేపుకు ఉక్కపోత అడ్డు కాదు.

ఈ చర్చ అందరికంటే ముందు తేలాల్సింది రాత్రి పదకొండు దాకా తిండి, మందులు, సరుకులు మోసే డెలివరీ కుర్రాళ్ల విషయంలో. ఏం వేసుకోవాలో, ఏ బ్యాగు తగిలించుకోవాలో వాళ్లకు చాలావరకు కంపెనీయే నిర్ణయిస్తుంది. వీపు మీది ఆ పెద్ద బ్యాగు వెనక వచ్చే కారు దీపాల వెలుగు నేరుగా పడే చోటే ఉంటుంది, బండి వెనక దీపాన్ని మించిన విస్తీర్ణం దానిది. దాని నాలుగు అంచులకు మంచి టేపు కుడితే వెనక నుంచి వెడల్పు, ఎత్తు రెండూ తెలుస్తాయి. ముందు వైపు లేని ఆ వెడల్పు కనీసం వెనక వైపు దక్కుతుంది. కొన్ని బ్యాగులకు ఇప్పుడున్నది సన్నటి గీత, మిగతాదంతా కంపెనీ పేరు, రాత్రి కనపడని రంగుల్లో.